సోపారా నుంచి విజయదుర్గ్ దాకా: కొంకణ తీరపు పాత రేవుల్లో కొన్ని ఎలా దొరికాయి, కొన్ని ఎందుకు దొరకడం లేదు

క్లుప్తంగా: కొంకణ తీరంలో పాత రేవు ఎక్కడుందో చెప్పేది సముద్రం ఒక్కటే కాదు, దాని వెనకున్న కనుమ కూడా. గ్రీకు నావికులు రాసిన రేవు పేర్లలో ముంబయి చుట్టుపక్కలున్న సోపారా, కల్యాణ్, చౌల్ ఖాయంగా తేలాయి. కనుమ దారుల వెంట ఉన్న గుహల శాసనాల్లో అవే పేర్లు స్థానిక రూపంలో కనిపించడమే అందుకు కారణం. అలాంటి ఆధారం లేని దక్షిణ కొంకణ రేవుల విషయంలో పేరు పోలికలే మిగిలాయి. వాటిని నమ్ముకోవడం కష్టం.

వానాకాలం మొదలైతే చాలు, నానేఘాట్ వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. కొండ అంచు నుంచి కిందికి దూకాల్సిన నీటిని లోయలోంచి లేచే ఈదురుగాలి మళ్లీ పైకి ఎగజిమ్ముతుంది. 'రివర్స్ వాటర్‌ఫాల్' అని దానికి పెద్ద పేరు. ఆ కనుమలోనే శాతవాహన రాణి నాగానిక శాసనం ఉన్న గుహ ఉంది కాబట్టి వీడియోతో పాటు చరిత్ర కూడా షేర్ అవుతుంటుంది. ఇది రెండు వేల ఏళ్ల నాటి టోల్ గేట్ అని ఒకరు, గ్రీకులు రాసిన 'బైజాంటియన్' అంటే మన విజయదుర్గ్ కోటేనని ఇంకొకరు, ఫలానా పల్లె ఒకప్పటి మహారేవు అని మరొకరు చెబుతుంటారు. వీటిలో గట్టి ఆధారం ఉన్నవి ఉన్నాయి, సగం నిజాలూ ఉన్నాయి. పేరు వినిపించిన తీరును బట్టి అల్లేసినవి కూడా తక్కువేం కాదు. వాటిని విడదీయాలంటే ముందు ఆ తీరం ఎలాంటిదో తెలియాలి.

కొండ గోడ, ఉప్పుటేర్లు

దక్కన్ పీఠభూమి పడమటి సగం దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారి గట్టిపడిన లావా. ఆ పీఠభూమి పడమటి అంచే సహ్యాద్రి. తూర్పు వైపు నుంచి వస్తే అది కొండలా అనిపించదు. మైదానం మీద నడుస్తున్నట్టే ఉంటుంది, ఒక్కసారిగా కాళ్ల కింద వందల మీటర్ల లోయ కనిపిస్తుంది. ఆ లోయకీ సముద్రానికీ మధ్య సుమారు 50 కిలోమీటర్ల వెడల్పున్న ఇరుకు పట్టీయే కొంకణం.

ఈ పట్టీలో నదులు పొట్టివి. వైతరణ, ఉల్హాస్, కుండలిక, సావిత్రి, వాశిష్ఠి, ఇవన్నీ కొండ దిగీ దిగగానే సముద్రంలో కలుస్తాయి. సముద్రానికి దగ్గరయ్యాక నది కాస్తా ఉప్పుటేరుగా మారుతుంది. అక్కడి వాళ్లు దాన్ని 'ఖాడీ' అంటారు. ముంబయి ప్రాంతంలో పెద్ద పోటు రోజుల్లో నీరు దాదాపు 5 మీటర్ల వరకు లేస్తుంది. పోటుతో పాటే పడవలు ఉప్పుటేటి లోపలికి చాలా దూరం వెళ్లగలవు. పాత రేవులు సముద్రపు ఒడ్డున కాకుండా ఇలా లోపల ఉండటానికి కారణం అదే. తుఫాను తగలదు, దొంగల ఓడలు నేరుగా మీదికి రాలేవు, పైగా కొండ వైపు ఆ మేరకు నడక తగ్గుతుంది.

ఇక్కడ దారులు రెండు రకాలు. తీరం వెంట ఉత్తర దక్షిణాలుగా పోయేది ఒకటి, తీరం నుంచి కొండెక్కి పీఠభూమికి చేరేది మరొకటి. మొదటిది చూడ్డానికి తేలికనిపిస్తుంది కానీ నిజానికి అదే కష్టం, ఎందుకంటే కొద్ది దూరానికోసారి ఏదో ఒక ఉప్పుటేరు దాటాలి. 1998లో పూర్తయిన కొంకణ్ రైల్వే సుమారు 740 కిలోమీటర్ల లైనుకు 90కి పైగా సొరంగాలు, రెండు వేల దాకా వంతెనలు కట్టాల్సి వచ్చిందంటే ఆ తీరం ఎంత ముక్కలు ముక్కలుగా ఉందో ఊహించవచ్చు.

వంతెనలు లేని కాలంలో దీనికి ఏం చేశారో నాసిక్ 10వ గుహలోని శాసనం చెబుతుంది. పడమటి క్షత్రపుల్లో క్షహరాత వంశపు రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు ఇబా, పారద, దమణ, తాపి, కరబేణా, దాహనుకా అనే ఏర్ల మీద రుసుము లేకుండా జనాన్ని దాటించే పడవలు పెట్టించాడట. ఆ ఏర్లకు రెండు గట్ల మీదా విశ్రాంతి మండపాలు, చలివేంద్రాలు కట్టించాడట. పుణ్యం కోసం చేశానని అతను చెప్పుకున్నా, ఆ జాబితా నిజానికి తీరం వెంట దారి మ్యాప్. దమణ అంటే దమన్ దగ్గరి ఏరు, దాహనుకా అంటే నేటి దహాణు. పార్, తాపి నదులు ఇప్పటికీ అవే పేర్లతో పారుతున్నాయి. రాజవంశాలు ఎన్ని మారినా ఏటి పేర్లు పెద్దగా మారలేదు. రోజూ దాటే ఏటికి పేరు పెట్టేది, నిలబెట్టేది దాటే జనమే కాబట్టి.

రెండో రకం దారికి కనుమ కావాలి. సహ్యాద్రి గోడలో మనిషీ పశువూ ఎక్కగలిగే చోట్లు లెక్కపెట్టదగినన్నే. ఉత్తరాన నాసిక్‌ను సోపారా, కల్యాణ్ వైపు కలిపేది థల్ ఘాట్. పుణె జిల్లాలోని జున్నర్ నుంచి కల్యాణ్‌కు దింపేది నానేఘాట్. కార్లా గుహల పక్క నుంచి తీరానికి దిగేది భోర్ ఘాట్. ఇంకా దక్షిణాన కరాడ్ నుంచి చిప్లూణ్‌కు కుంభార్లీ ఘాట్, కొల్హాపూర్ నుంచి కిందికి అంబా, ఫోండా ఘాట్లు ఉన్నాయి. ప్రతి కనుమ కిందా ఒక ఉప్పుటేరు, దాని మీద ఒక రేవు. ఈ జతలను పట్టుకుంటే పాత లెక్కలు చాలావరకు అర్థమవుతాయి. రేవును ఒక్కదాన్నే మ్యాప్ మీద చుక్కలా వెతికితే దారి తప్పుతాం.

నానేఘాట్ టోల్ గేటేనా?

జున్నర్‌కు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఈ కనుమ ఉంది. రెండు రాతి గుట్టల మధ్య ఇరుకు సందు, అందులోంచి కిందికి రాళ్లు పరిచిన నిటారు మెట్ల దారి. సందు దగ్గరే తొలిచిన గుహలో మూడు వైపులా కూర్చోవడానికి రాతి అరుగులు, గోడల నిండా బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం. 1828లో విలియం సైక్స్ దీన్ని పండితుల దృష్టికి తెచ్చాడు. సాధారణంగా క్రీ.పూ. 1వ శతాబ్దానిదని లెక్కిస్తారు.

వెనక గోడ మీద ఒకప్పుడు నిలువెత్తు శిల్పాలు ఉండేవి. వాటి మీద చెక్కిన పేర్లను బట్టి అవి సిముక శాతవాహనుడు, రాణి నాగానిక, శాతకర్ణి, కుమారులు, ఒక మహారఠి (సామంత పాలకుల బిరుదు). శిల్పాలు పోయాయి. పాదాల గుర్తులు, పేర్లు మిగిలాయి.

టోల్ గేట్ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, కనుమ పైన తొలిచిన ఒక పెద్ద రాతి బాన ఉంది. వర్తకులు సుంకం నాణేలు అందులో వేసేవారని స్థానికంగా చెబుతారు. మరాఠీలో 'నాణే' అంటే నాణెం కావడంతో కథ అతికినట్టు కుదిరింది. కానీ శాసనంలో సుంకం ఊసే లేదు. అందులో ఉన్నది అశ్వమేధం, రాజసూయం లాంటి యజ్ఞాలు, వాటిలో దక్షిణగా ఇచ్చిన ఆవులు, గుర్రాలు, ఊళ్లు, కార్షాపణాల (నాటి నాణేల) లెక్క. ఆ లెక్కల కోసం చెక్కిన అంకెలు భారతీయ సంఖ్యా గుర్తుల చరిత్రలో చాలా పాతవి. గణిత చరిత్రకారులకు ఈ గుహ మీద అంత ఆసక్తి అందుకే.

అయితే సుంకం ప్రస్తావన లేనంత మాత్రాన ఈ చోటుకూ వ్యాపారానికీ సంబంధం లేదని కాదు. రాజకుటుంబం తన బొమ్మలు, యజ్ఞాల చిట్టా చెక్కించుకోవడానికి రాజధాని ప్రతిష్ఠానాన్ని (నేటి పైఠణ్) వదిలి ఊరూ పేరూ లేని కొండ సందును ఎంచుకుంది. జనం ఒక్కొక్కరుగా నడవక తప్పని ఇరుకు చోటు అది. రేవుకు పోయే ప్రతి వర్తకుడూ ఆ బొమ్మల ముందు నుంచే పోవాలి. 'ఈ దారి మాది' అని చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. బాన కంటే ఈ ఎంపికే బలమైన సాక్ష్యం.

దగ్గరి రేవును వదిలి దూరపు రేవుకు

క్రీ.శ. 1వ శతాబ్దం మధ్యలో ఈజిప్టు నుంచి వచ్చే ఒక గ్రీకు వర్తకుడు ఎర్ర సముద్రం నుంచి భారత తీరం దాకా రేవులు, సరుకుల వివరాలు రాసిపెట్టాడు. అతని పేరు తెలియదు. 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్' అని పిలిచే ఆ చిన్న పుస్తకంలో మన దక్షిణాపథం 'దఖినబదేస్'గా, పైఠణ్ 'పైథాన'గా, ధారాశివ్ జిల్లాలోని తేర్ 'తగర'గా కనిపిస్తాయి. పైథాన నుంచి రంగురాళ్లు, తగర నుంచి ముతక బట్ట, రకరకాల మస్లిన్లు బండ్ల మీద బరిగజ (భరూచ్) రేవుకు చేరతాయని, పైథాన బరిగజ నుంచి 20 రోజుల ప్రయాణమని అతను రాశాడు.

ఇందులో ఒక చిక్కు ఉంది. పైఠణ్ నుంచి భరూచ్ సరళరేఖలో చూసినా 350 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కల్యాణ్ అయితే దాదాపు 240. వంద కిలోమీటర్లు దగ్గరున్న రేవును వదిలేసి అంత దూరం ఎందుకు పోవాలి?

ఒక కారణం రాజకీయం. అదే పుస్తకం జవాబు కూడా ఇస్తుంది. 'కల్లియేన' పెద్ద సరగనుడి కాలంలో అధికారిక రేవుగా ఉండేదట. తర్వాత సందనుడి చేతికి వచ్చాక అక్కడ వ్యాపారం అడ్డుకున్నారట. పొరపాటున అటు వచ్చిన గ్రీకు ఓడలను కాపలా పెట్టి బరిగజకు తరలించే ప్రమాదం ఉందట. సరగనుడు అంటే శాతకర్ణి అని ఎక్కువ మంది పండితుల మాట. సందనుడు ఎవరన్నదానిపై వాదం నడుస్తూనే ఉంది. నేటి భాషలో ఇది ఒక రేవు మీద ఆంక్ష, ఇంకో రేవుకు బలవంతపు మళ్లింపు.

ఆ కాలంలో శాతవాహనులకూ పడమటి క్షత్రపులకూ ఈ కనుమల మీద పట్టు కోసం పోరు నడిచింది. నాసిక్ జిల్లా జోగల్‌థెంబిలో 1906లో దొరికిన నిధిలో నహపానుడి వెండి నాణేలు 13 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి ముద్ర మళ్లీ కొట్టారు. గెలిచినవాడు ఓడినవాడి డబ్బును కరిగించే తీరిక కూడా లేకుండా తన పేరు ముద్రించి తిప్పాడన్నమాట. గౌతమీపుత్రుడి తల్లి బాలశ్రీ వేయించిన నాసిక్ శాసనం అతని ఏలుబడిలోని దేశాల్లో అపరాంతాన్ని, అంటే ఈ తీరాన్ని, చేర్చడం ఆ గెలుపుకు సరిపోతుంది.

రెండో కారణం నేల తీరు. దీన్ని చాలామంది పట్టించుకోరు. పెరిప్లస్ రచయిత చెప్పింది బండ్ల గురించి. నానేఘాట్ మెట్ల మీద బండి దిగదు. పీఠభూమి మీద బండ్లలో వచ్చిన సరుకు జున్నర్ లాంటి చోట దించి, పెరికె ఎద్దుల వీపు మీదికో గాడిదల మీదికో మార్చాలి. కింద మళ్లీ పడవకెక్కించాలి. ప్రతి మార్పిడికీ కూలీ ఖర్చు, ఆలస్యం, దొంగల భయం తప్పవు. జున్నర్ చుట్టూ రెండు వందలకు పైగా గుహలు తొలిచారంటే అక్కడ సరుకుతో పాటు డబ్బు కూడా ఆగేదన్నమాట. భరూచ్ వైపు దారి పొడవైనదే కానీ నాసిక్‌కు ఉత్తరంగా పోతే సహ్యాద్రి గోడ తగ్గుతుంది, తాపి లోయ తెరుచుకుంటుంది. బరువైన సరుకుకు పొడవైన చదును దారే చౌక కావచ్చు. ఆంక్ష లేని రోజుల్లో కూడా కొంత సరుకు అటే పోయి ఉంటుందనుకోవడంలో తప్పు లేదు.

భరూచ్‌కు మాత్రం సముద్రం వైపు ఇబ్బంది. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్లు ముంబయి కంటే చాలా పెద్దవి. పోటు గోడలా లేచి వస్తుందని, లంగరేసిన ఓడలను కూడా తిరగేస్తుందని పెరిప్లస్ భయంగా వర్ణిస్తుంది. అందుకే రాజుగారి కొలువులోని జాలరులు 'త్రప్పగ', 'కొటుంబ' అనే పెద్ద పడవల్లో ఎదురు వచ్చి, ఓడలకు తాళ్లు కట్టి, పోటు ఉన్నంతసేపు లాగి, ఆటు మొదలవగానే లోతు గుంటల్లో ఆపి, దశలవారీగా రేవుకు చేర్చేవారట. ఇప్పటి పోర్టుల పైలట్ పడవల పని అదే. భరూచ్‌లో సముద్రం కష్టపెడుతుంది, నేల కనికరిస్తుంది. కల్యాణ్‌లో సరిగ్గా తలకిందులు. రెండు రేవుల మధ్య వందల ఏళ్లు సాగిన పోటీ వెనక ఉన్నది ఈ తేడాయే.

గుహ గోడల మీద ఊళ్ల పేర్లు

పెరిప్లస్ కల్లియేనకు ముందు 'సుప్పార'ను, తర్వాత 'సెముల్ల'ను చెబుతుంది. వందేళ్ల తర్వాత భూగోళ పండితుడు టాలెమీ కూడా సిముల్ల అని రాస్తూ, స్థానికులు దాన్ని 'తిమూల' అంటారని కలిపాడు. ఈ మూడు పేర్లు ఏ ఊళ్లవో తేల్చింది మాత్రం గ్రీకు పుస్తకాలు కాదు.

ముంబయి దగ్గరి కాన్హేరి కొండలో వందకు పైగా గుహలున్నాయి. వాటికి దానాలిచ్చిన వర్తకులు, నగల పనివాళ్లు, కమ్మరులు తమ పేరు పక్కన ఊరి పేరు చెక్కించుకున్నారు. సోపారక, కలియాణ, చెముల అనే ఊళ్లు అలా కనిపిస్తాయి. భోర్ ఘాట్ దారిలోని కార్లా చైత్యంలోనూ సోపారా దాత ఉన్నాడు. గ్రీకు చెవికి 'సెముల్ల', 'తిమూల'గా వినిపించింది స్థానికుల నోట 'చెముల'. పదో శతాబ్దం తొలి రోజుల్లో అక్కడికి వచ్చిన అరబ్ యాత్రికుడు అల్ మసూదీ దాన్నే 'సైమూర్' అన్నాడు. ఇప్పుడది చౌల్. రెండు వేల ఏళ్ల గొలుసులో ఎక్కడా పెద్ద ఖాళీ లేదు.

సోపారాకు ఇంకో బలం ఉంది. 1882లో భగవాన్‌లాల్ ఇంద్రజీ అక్కడ అశోకుడి 8వ శిలాశాసనం ముక్కను గుర్తించాడు. అదే ఏడాది స్తూపం తవ్వితే ధాతుపేటికలతో పాటు యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం బయటపడింది. 1956లో 9వ శాసనం ముక్క కూడా దొరికింది. మౌర్యుల కాలం నుంచి అది ముఖ్యమైన పట్నమేనని దీంతో ఖాయమైంది. నేటి నాలాసోపారా స్టేషన్ పేరు నాలా, సోపారా అనే రెండు ఊళ్లను కలిపి పెట్టింది. లోకల్ రైలెక్కే లక్షల మంది రోజూ పలికే పేరులో సగం అశోకుడికంటే పాతది కావచ్చు.

పేరు ఖాయం కావాలంటే మూడు కలవాలని దీన్నిబట్టి తెలుస్తుంది: బయటివాడు రాసిన రూపం, అదే కాలంలో స్థానికుడు చెక్కిన రూపం, నేటికీ నోట నానుతున్న రూపం. ఒకటి తప్పిపోయినా చిక్కే. ధేనుకాకట సంగతి చూడండి. కార్లాలో యవన (గ్రీకు) దాతలతో సహా ఎంతో మంది తమది ధేనుకాకట అని చెక్కించుకున్నారు. శాసన సాక్ష్యానికి కొదవ లేదు. కానీ ఆ పేరున్న ఊరు ఇప్పుడు లేదు, గ్రీకు జాబితాల్లో కూడా అంత తేటగా కనిపించదు. ఫలితంగా కార్లా పక్కనే ఉందని కొందరు, వేరే చోట అని ఇంకొందరు అన్నారు. మన అమరావతి దగ్గరి ధాన్యకటకమే అది అన్నవాళ్లు కూడా ఉన్నారు. పేరులో 'కట' కలిసింది కదా అని సహ్యాద్రి నుంచి కృష్ణా తీరం దాకా ఊరిని జరిపేయడం కాస్త పెద్ద అంగే.

తూర్పు తీరంలో ఇదే పద్ధతి చక్కగా పనిచేసిన ఉదాహరణ ఘంటసాల. టాలెమీ 'కొంటకొస్సుల' అనే వర్తక రేవును చెప్పాడు. నాగార్జునకొండ శాసనం 'కంటకసేల' మహాచైత్యాన్ని చెప్పింది. ఊరు ఇప్పటికీ ఘంటసాలగా ఉంది, అక్కడ స్తూపం కూడా ఉంది. మూడూ కలిశాయి. అయితే కృష్ణా డెల్టాలో కనుమ లేదు, బండి నేరుగా రేవుకు పోతుంది. అక్కడ రేవు స్థానాన్ని నిర్ణయించేది నదీ పాయలు. కొంకణంలో కనుమ కట్టిపడేసినట్టు అక్కడ రేవును కట్టిపడేసేది ఏదీ లేదు.

బైజాంటియన్ ఎక్కడ?

చౌల్ దాటాక పెరిప్లస్ మందగొర, పలైపత్మై, మెలిజైగర, బైజాంటియన్ అంటూ గబగబా పేర్లు వల్లిస్తుంది. దూరాలు లేవు, సరుకుల వివరం లేదు. ఆ తర్వాత దీవుల దగ్గర సముద్రపు దొంగలున్నారన్న హెచ్చరిక. రచయితకు ఈ తీరంలో ఆగే ఉద్దేశం లేదని, దక్షిణాన కేరళ తీరపు ముజిరిస్ మిరియాల వైపే అతని చూపు అని తెలిసిపోతుంది. పైగా ఆ పుస్తకం మనదాకా వచ్చింది ప్రధానంగా పదో శతాబ్దపు ఒకే ఒక రాతప్రతి ద్వారా. తొమ్మిది వందల ఏళ్లలో ఎంతమంది లేఖకులు, తామెన్నడూ వినని ఊళ్ల పేర్లను ఎన్నిసార్లు తప్పుగా దించి ఉంటారో చెప్పలేం. టాలెమీ అక్షాంశ రేఖాంశాలు ఇచ్చాడు కదా అంటే, అతని మ్యాపులో భారత పశ్చిమ తీరం దక్షిణానికి దిగకుండా దాదాపు తూర్పుకు సాగిపోతుంది. ఆ అంకెలతో ఊరిని పట్టుకోలేం.

మిగిలింది పేరు పోలిక. పాత పండితుల్లో కొందరు బైజాంటియన్ అంటే విజయదుర్గ్ అన్నారు. పోర్చుగీసు, ఇంగ్లీషు వాళ్ల నోట అది 'విజాద్రోగ్' లాంటి రూపంలో ఉండటం వాళ్లను లాగింది. కానీ ఆ కోటకు విజయదుర్గ్ అన్న పేరు వచ్చింది 17వ శతాబ్దంలో, శివాజీ దాన్ని గెలిచాక. అంతకుముందు అది ఘేరియా. పదహారు వందల ఏళ్ల తర్వాత పెట్టిన పేరు అంతకుముందటి గ్రీకు పేరుకు మూలం ఎలా అవుతుంది? 'విజయ'తో మొదలయ్యే ఇంకేదో పాత పేరు అక్కడ ఉండేదని చూపిస్తే తప్ప ఈ వాదం నిలవదు. గ్రీకు వర్తకుడు వినీ వినని స్థానిక పేరును తనకు బాగా తెలిసిన నగరం (నేటి ఇస్తాంబుల్ పాత పేరు బైజాంటియన్) పేరులా మలుచుకోవడం అన్నిటికంటే సహజమైన వివరణ. ఇదే పుస్తకంలో కాస్త ముందుకు పోతే 'ద్వీపకల్పం' అనే అర్థమున్న గ్రీకు మాటే ఊరి పేరుగా కనిపిస్తుంది.

మెలిజైగర, రోమన్ రచయిత ప్లినీ రాసిన 'సిగెరుస్', నేటి జైగడ్, ఈ మూడింటినీ కలిపే వాదం దీనికంటే కాస్త నయం, ఎందుకంటే రెండు వేర్వేరు పాత పుస్తకాల్లో దగ్గరి రూపాలున్నాయి. మందగొర ఇంకా నయం. రాజ్‌పురి ఉప్పుటేటి మీదున్న కుడా గుహల శాసనాల్లో 'మాందవ' అనే బిరుదున్న మహాభోజులు (స్థానిక పాలకులు) కనిపిస్తారు, పక్కనే మాందాడ్ అనే ఊరుంది. పేరు, శాసనం, ఉప్పుటేరు ఒకే చోట కలుస్తున్నాయి. అన్ని గుర్తింపులనూ ఒకే గాటన కట్టకుండా, సోపారాను ఖాయంగా, మాందాడ్‌ను నమ్మదగినదిగా, జైగడ్‌ను ఊహగా, విజయదుర్గ్‌ను బలహీనమైనదిగా చూడటం న్యాయం.

దక్షిణ కొంకణంలో వ్యాపారమే లేదని మాత్రం అనుకోకూడదు. కొల్హాపూర్‌లోని బ్రహ్మపురి తవ్వకాల్లో 1940లలో రోమన్ కంచు వస్తువులు దొరికాయి. వాటిలో గ్రీకుల సముద్ర దేవుడు పొసైడన్ విగ్రహం ఉంది. అంబా, ఫోండా కనుమల పైనున్న పట్నంలోకి సముద్ర దేవుడు వచ్చాడంటే కింద ఏదో రేవు పనిచేసినట్టే. ఉత్తరాన ఉన్నన్ని దాన శాసనాలు ఇక్కడ లేకపోవడంతో ఆ రేవు పేరు మన దగ్గర లేదు, అంతే.

రేవులు ఎందుకు జరిగాయి

సహ్యాద్రి మీద నాలుగు నెలల్లో కురిసే కుండపోత వాన నిటారు వాలుల మట్టిని తెచ్చి ఉప్పుటేటిలో పోస్తుంది. పోటు దాన్ని లోపలికి నెడుతుంది, మడ చెట్ల వేళ్లు పట్టుకుంటాయి, మేట పెరుగుతుంది. ఓడలేమో కాలం గడిచేకొద్దీ పెద్దవయ్యాయి. ఒక వైపు లోతు తగ్గుతోంటే ఇంకో వైపు అవసరం పెరిగింది. దాంతో రేవు మెల్లగా సముద్రం వైపు జరిగింది. సోపారా చుట్టూ చెరువులు, పొలాలు మిగిలాయి. ఆరో శతాబ్దంలో గ్రీకు యాత్రికుడు కాస్మాస్ చెప్పేనాటికి కల్యాణ్ ఇంకా పెద్ద రేవే. తర్వాత కొంకణాన్ని ఏలిన శిలాహారుల కాలానికి ఠాణే ముందుకొచ్చింది, 13వ శతాబ్దంలో మార్కో పోలో దాన్నే చెప్పాడు. పోర్చుగీసుల చేతిలో వసయి, చౌల్ వెలిగాయి. 1668లో ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చిన ముంబయి చివరికి అందరినీ మింగేసింది.

ఇన్ని రేవులు మారినా వెనకున్న కనుమలు మాత్రం అవే. 1860లలో రైలు పట్టాలు కొండెక్కింది భోర్, థల్ ఘాట్ల మీదుగానే. 2025 జూన్‌లో పూర్తిగా తెరిచిన ముంబయి-నాగ్‌పూర్ సమృద్ధి మహామార్గం ఇగత్‌పురి, కసారా మధ్య దాదాపు 8 కిలోమీటర్ల జంట సొరంగాల్లో దిగుతుంది, అంటే మళ్లీ థల్ ఘాట్ దగ్గరే. బండి ఎక్కని నానేఘాట్ ఒక్కటే పక్కకు పోయింది. దాని పని పక్కనున్న మాళ్‌శేజ్ ఘాట్ చేస్తోంది. కల్యాణ్ నుంచి మాళ్‌శేజ్ మీదుగా అహ్మద్‌నగర్ (నేటి అహిల్యానగర్), నాందేడ్ దాటి నిర్మల్‌కు వచ్చే జాతీయ రహదారి శాతవాహనుల పాత ఇలాకాకు అడ్డంగా సాగుతుంది.

ఇప్పుడు రేవు మరోసారి జరగబోతోంది. దహాణు దగ్గర వధావన్‌లో రూ.76,220 కోట్లతో కొత్త పోర్టుకు కేంద్ర మంత్రివర్గం 2024 జూన్‌లో ఆమోదం తెలిపింది. ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. అక్కడ తీరానికి దగ్గర్లోనే దాదాపు 20 మీటర్ల సహజ లోతు ఉండటం పెద్ద కంటైనర్ ఓడలకు కలిసొచ్చే విషయం. ఒకప్పుడు రేవు అంటే ఉప్పుటేటి లోపల, ఇప్పుడు సముద్రాన్ని పూడ్చి బయట కట్టేది. చేపల వేట దెబ్బతింటుందని స్థానిక జాలరులు ఏళ్ల తరబడి వ్యతిరేకిస్తున్నారు. దహాణు తాలూకాను 1991లోనే పర్యావరణపరంగా సున్నిత ప్రాంతంగా ప్రకటించారు. ఉషవదాతుడు పడవలు పెట్టించిన దాహనుకా ఏరు ఇక్కడిదే, అతని శాసనం ఉన్నది నాసిక్‌లో. కొత్త పోర్టును పీఠభూమితో కలపడానికి ఆలోచిస్తున్న రోడ్డు కూడా ఇగత్‌పురి వైపే చూస్తోంది.

ఈ నిర్మాణాల వల్ల చరిత్రకు నేరుగా తగిలే దెబ్బ ఒకటుంది. సోపారా పాత పట్నం ఇప్పుడు వసయి-విరార్ నగరం కింద ఉంది, కల్యాణ్ కూడా అంతే. తవ్వి చూడటానికి ఖాళీ నేల దాదాపు లేదు. దక్షిణ కొంకణంలో ఉప్పుటేటి గట్ల మీద దిబ్బలు ఇంకా మిగిలే ఉన్నాయి, రిసార్టులు, రోడ్ల విస్తరణ అక్కడికీ చేరుతున్నాయి. బైజాంటియన్ గొడవ తీర్చేది ఇంకో పేరు పోలిక కాదు. ఏదో ఒక గట్టు మీద సరైన కాలానికి చెందిన కుండ పెంకుల పొర, లేదా ఊరి పేరున్న ఒక్క దాన శాసనం దొరకాలి. కొల్హాపూర్ నుంచి దిగే కనుమల పాదాల దగ్గర, ఖారేపాటణ్, రాజాపూర్ ఉప్పుటేర్ల వెంట ముందుగా వెతకడం మేలు.